నా చెవులతో ఎంచుకున్న యాంప్

మా ఆయన తన చెవుల మీంచి తీసి ఇచ్చిన హెడ్‌ఫోన్లు నేను పెట్టుకున్న క్షణంలో నాకు భయం మొదలైంది. మా అమ్మాయి సరదాగా గిటారు తీగ ఒక్కటి మీటింది. చెవిలో సూది దిగినట్టయింది. రెండు చేతులతో హెడ్‌ఫోన్లు లాగేశాను. నేను తేరుకునేలోగా ఆయన, "చూశావా, ఎంత మొద్దుగా ఉందో? సన్న తీగ అసలు పలకట్లేదు" అన్నారు.

నేను యాంప్ వంక చూశాను. వాల్యూమ్ నాబ్ చివరిదాకా తిప్పి ఉంది. పక్కనున్న, సన్న శబ్దాల్ని పెంచే ట్రెబుల్ నాబ్ కూడా అంతే.

గవర్నర్‌పేటలో మేడ మీదున్న ఆ వాయిద్యాల షాపుకి చిన్న యాంప్ కోసం వెళ్ళాం. మా ఆయన పెళ్ళిళ్ళ సీజన్లో ఒక ఆర్కెస్ట్రాతో గన్నవరం, గుడివాడ, అవనిగడ్డ వైపు కల్యాణ మండపాలకు గిటారు వాయించడానికి వెళ్తారు. మిగతా రోజుల్లో ఇంట్లో కొంతమంది పిల్లలకు, మంగళగిరిలో కొంతమందికి నేర్పుతారు. గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే పాత యాంప్ ఒకటి మా ఇంట్లో ఉంది, పెద్ద సూట్‌కేసంత. దాన్ని మోసుకుంటూ మంగళగిరి బస్సెక్కలేరు. పోనీ ఇంట్లో వాయించుకుందామంటే పై వాటాలో ఉండే పెద్దాయన నన్ను మెట్ల దగ్గర ఆపి, "ఏమనుకోకమ్మా, ఈ మధ్య మరీ ఎక్కువైంది. మా ఇంటావిడకి తలనొప్పి. కాస్త తగ్గించుకోమని చెప్పు" అనేవారు.

తప్పు ఆ పాత యాంప్‌దే అనుకున్నాం ఇద్దరం. ఛార్జింగ్‌తో నడిచేది, భుజాన వేసుకుపోగలిగేది, హెడ్‌ఫోన్లు తగిలించుకునే వీలున్నది కొంటే అన్నీ సర్దుకుంటాయనుకున్నాం.

నేను ఏది కొనాలన్నా ముందు భయపడి, ఆ తర్వాత చదివే మనిషిని. పిల్లల దగ్గు మందు సీసా మీద చిన్నక్షరాలు కూడా వదలను. యాంప్‌ల గురించి కూడా అలాగే చదివాను. బరువెంత, ఛార్జింగ్ ఎంతసేపు నిలుస్తుంది, శబ్దం తగ్గించినప్పుడు కూడా తీగల్లో తేట ఉంటుందా అని. అందరూ మెచ్చుకున్నవాటిని ఏరి ఆయనకు చూపించాను.

షాపాయన మొదట టిఫిన్ బాక్సంత ఉన్నదాన్ని తీశారు. మా ఆయన వాయించి, "దుప్పటి కప్పి వాయించినట్టుంది" అన్నారు. తర్వాత పాత రేడియోలాగా పైన పిడి ఉన్నది. అదీ అంతే. తర్వాత చెక్కతో చేసింది, కాస్త బరువైంది. ఆయన నాబ్ తిప్పుకుంటూ పోతుంటే మా చిన్నవాడు చెవులు మూసుకుని, "నాన్నా, చాలు! చిల్లులు పడతన్నాయి" అని అరిచాడు.

"చూడండి సార్, గిటారిస్టు కొడుకంటే ఎవరైనా నమ్ముతారా వీణ్ణి?" అని ఆయన నవ్వారు.

షాపాయన నవ్వలేదు. "పెద్ద పెద్ద బాక్సుల పక్కన వాయించే చేతులు గదండీ, చిన్నవి ఆనవు మీకు. ఈ పిడి ఉన్నదాన్నే ఓసారి హెడ్‌ఫోన్లతో చూడండి, తేడా తెలుస్తది" అన్నారు.

ఆ హెడ్‌ఫోన్లే తర్వాత నా చెవులకు వచ్చాయి.

అక్కడ నిలబడే ఉన్నాను గానీ నా మనసు ఇంట్లో తిరుగుతోంది. వంటింట్లో కుక్కర్ కూస్తుంటే, స్టవ్ పక్కనే నిలబడి కూడా ఆయన దాన్ని ఆపకపోవడం. ఫోన్ మోగుతుంటే ఎదురుగా కూర్చుని టీ తాగడం. వీటికి మా ఇంట్లో ఒక కారణం అప్పటికే ఖాయమై ఉంది: గులిమి. మా అత్తయ్య నువ్వుల నూనెలో వెల్లుల్లి వేసి కాచి, గోరువెచ్చగా ఉండగా ఆదివారాలు ఆయన చెవుల్లో పోసేవారు. "కాసేపు ఆ పక్కకి తిరిగి పడుకోరా, కరిగి అదే వచ్చేస్తది" అనేవారు. మర్నాడు ఆయన బాగానే వినపడుతోందనేవారు. మేం నమ్మేవాళ్ళం. నెలలు గడిచాయి.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. మా అమ్మాయి పుట్టిన కొత్తలో ఒక పెళ్ళి వాయించి వచ్చి, చెవుల్లో గుయ్యిమంటోందని చెప్పారు. స్టేజీ మీద ఆయన చోటు మొదటినుంచీ స్పీకరు బాక్సుల పక్కనే. నేనప్పుడు బాలింతని. గాలి తగలకుండా చెవుల్లో దూది, తలకి గుడ్డ, పొద్దున్నే కాయం ముద్ద. నా దూదిలోంచే కాస్త తుంచి ఇచ్చి, "ఈసారి మీరూ పెట్టుకోండి" అన్నాను. పెట్టుకుని వెళ్ళారు. తిరిగొచ్చాక నవ్వుతూ చెప్పారు, డ్రమ్స్ వాయించే అతను మైకులోనే అన్నాడట: "ఏరా బాలింతా, కాయం తిన్నావా? బిడ్డ కులాసానా?" పెళ్ళివారు కూడా నవ్వారట. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ దూది పెట్టుకోలేదు. ఆ ఆర్కెస్ట్రాలో మగవాళ్ళెవరూ పెట్టుకోరు.

షాపులో నేను నాబ్‌ని వెనక్కి తిప్పాను. హెడ్‌ఫోన్లు ఒక చెవికి ఆనించుకుని, నాకు హాయిగా వినిపించే చోట ఆపాను. వాటిని ఆయన చెవులకు పెట్టి, అమ్మాయిని వాయించమని సైగ చేశాను. అది ఆయన వెనక స్టూలు మీద కూర్చుని, తాను కొత్తగా నేర్చుకున్న ముక్కని మెల్లగా మొదలుపెట్టింది.

ఆయన కొంచెంసేపు చూసి, "ఊఁ, వాయించమ్మా" అన్నారు.

అది వాయిస్తూనే ఉంది.

షాపాయన గుడ్డ తీసుకుని, దుమ్ములేని అద్దాన్ని తుడవడం మొదలుపెట్టారు. మా ఆయన వెనక్కి తిరిగి చూశారు. తీగల మీద కదులుతున్న కూతురి వేళ్ళని చూశారు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. గిటారు సంగతుల్లో నన్ను ఏనాడూ సలహా అడగని మనిషి, "నువ్వు చెప్పు, ఏది బాగుంది?" అన్నారు.

పిడి ఉన్నది చెప్పాను. శబ్దం తగ్గించినా అందులో ఏ తీగ ఆ తీగగా వినిపించింది, నాకు. అదే కొన్నాం. ఆటోలో దాన్ని ఆయన ఒళ్ళో పెట్టుకున్నారు. ఏలూరు రోడ్డు మీద హారన్ల మధ్య పిల్లలు ఏదో అడుగుతూనే ఉన్నారు, ఆయన బయటికే చూస్తూ కూర్చున్నారు.

ఆ వారంలోనే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బయటి కుర్చీలోంచి ఆయన బొటనవేలు వైపే చూస్తున్నాను. మొదట్లో కదిలింది. తర్వాత చాలాసేపు కదల్లేదు. బడిలో జవాబు రాని పిల్లవాడిలా ఆయన గాజులోంచి నావైపు చూశారు. నేను తల తిప్పుకున్నాను.

డాక్టరమ్మ చిన్న వయసు ఆవిడ. "గులిమి ఏమీ లేదండీ. సన్నటి శబ్దాల్ని పట్టుకునే నరాలు దెబ్బతిన్నాయి. పోయింది మళ్ళీ రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. నూనె ఆపేయండి. స్పీకర్ల పక్కన నిలబడటం మానేయండి. మాటలు వినపడటానికి చెవి మిషన్ పెట్టుకుంటే మంచిది" అంది. అన్నీ నాతోనే చెప్పింది. ఆయన ఆవిడ పెదవుల్నే చూస్తున్నారు.

మెట్లు దిగుతూ, "ఎవరికీ చెప్పకు. ఆర్కెస్ట్రాలో తెలిస్తే వచ్చే సీజన్‌కి ఇంకొకణ్ణి చూసుకుంటారు. పిల్లలకి అసలే వద్దు" అన్నారు.

"అలాగేనండీ" అన్నాను. ఆ మాట మీద నిలబడాలనే అనుకున్నాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి తన గిటారుకి కవరు తొడుగుతోంది. జిప్పు పట్టేస్తే బలంగా లాగుతోంది. ఏమైందని అడిగాను.

"నేను ఇంక నేర్చుకోనమ్మా. నాన్నకి నా వాయింపు నచ్చట్లేదు."

"నచ్చలేదని అన్నారా?"

"అననక్కర్లేదు. బాగుందా నాన్నా అని అడిగితే పలకట్లేదు. షాపులో కూడా వాయిస్తుంటే వాయించమన్నారు. అంటే అది వాయింపే కాదనేగా?"

ఆయన బాల్కనీలో అటు తిరిగి నిలబడి ఉన్నారు. వెళ్ళి, "రేపు పిల్లలకి చెప్పేస్తానండీ. అమ్మాయి తప్పుగా అనుకుంటోంది" అన్నాను. ఆయన తిరగలేదు. వినపడలేదో, వినపడే ఊరుకున్నారో నాకు తెలియలేదు. రెండోసారి అనే ధైర్యం లేకపోయింది. ఇదంతా అయ్యాక ఇప్పుడు, అందరూ పడుకున్నాక రాసుకుంటున్నా ఆ వీపే కళ్ళముందు ఉంది.

ఆ మర్నాడు తెల్లవారాక ఆయన పాల కోసం కిందికి వెళ్ళినప్పుడు, యూనిఫామ్‌లో ఉన్న ఇద్దరినీ మంచం మీద నా ఎదురుగా కూర్చోబెట్టాను.

"నాన్నకి చెవులు సరిగా వినపడట్లేదు. మీరంటే కోపమొచ్చి కాదు పలకనిది. వెనకనించి పిలవకండి. ఎదురుగా వచ్చి, నాన్న మిమ్మల్ని చూశాక మాట్లాడండి. మొదటిసారి వినపడకపోతే ఇంకోసారి చెప్పండి, 'ఏం లేదులే నాన్నా' అని మాత్రం అనకండి."

"మళ్ళీ వినపడుద్దా?" అన్నాడు చిన్నవాడు.

"లేదు నాన్నా. అన్నీ వినపడవు" అని చెప్పాను.