అరువు హాజరు

ఎనభైల మొదట్లో విస్సన్నపేట రోడ్డు పక్క ఒక మామిడి తోటకు మా నాన్న కాపలా. రెండో తరగతితో నా చదువు మాన్పించారు. అమ్మతో పాటు రాలిన కాయలు ఏరేదాన్ని. తోట ఊరి ప్రెసిడెంటుగారిది. ఎయిడెడ్ స్కూలుకు కరస్పాండెంటూ ఆయనే.

ఒక ఉదయం హెడ్మాస్టరు వచ్చి తోటలో పిల్లలందర్నీ ట్రాక్టరెక్కించారు. ఇన్‌స్పెక్షన్ అట. రిజిస్టరులో ఉన్నంతమంది బెంచీల మీద కనపడకపోతే ఒక టీచరు పోస్టు ఎత్తేస్తారు. ఆ పోస్టు ప్రెసిడెంటుగారి కోడలిది. జీతం తీసుకోవడమే కానీ ఆవిడ బడి గడప తొక్కింది లేదు. మూడో తరగతిలో మాకే కాదు, మా టీచరుకూ అదే మొదటి రోజు.

ఊళ్లో పుట్టనే పుట్టని ఒక పిల్ల పేరు నాకిచ్చారు. పిలవగానే ‘ప్రెజెంట్ సార్’ అనాలి.

"తప్పు పలికావో, మీ నాన్నకి తోటలో పనుండదు," అన్నారు హెడ్మాస్టరు.

దారంతా ఆ పేరే గొణుక్కున్నాను. భయం ఒక్కటే కాదు, ఆశ కూడా. బాగా పలికితే నన్ను బడిలోనే ఉంచేసుకుంటారనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

హాజరు సరిగ్గానే పలికాను. ఇన్‌స్పెక్టరుగారు నా బెంచీ దగ్గర ఆగారు.

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

దానికి జవాబు ఎవరూ నేర్పలేదు.

"కాపలా అండీ. ప్రెసిడెంటుగారి తోటకి."

హెడ్మాస్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్‌స్పెక్టరుగారు అడ్మిషన్ రిజిస్టరు తెప్పించి, ఒక వరుస మీద వేలు ఆనించి, చాలాసేపు చూశారు. అక్కడ తండ్రి పని ఇంకేదో రాసుందని నాకూ అర్థమైంది. నా నోటి మూలంగా మేం రోడ్డున పడ్డామనే అనుకున్నాను.

గుమ్మంలో నిలబడ్డ ప్రెసిడెంటుగారు తాపీగా అన్నారు. "మధ్యాహ్నం మంత్రిగారు మా ఇంటికే భోజనానికి వస్తున్నారండి. మీరూ రండి."

వేలు లేచింది. రిజిస్టరు మూసి, ఇన్‌స్పెక్షన్ కాగితం మీద సంతకం పెట్టేశారు. నాన్న పని పోలేదు. నన్ను ఎవరూ తిట్టను కూడా లేదు. ఆ ధైర్యంతోనే ట్రాక్టరెక్కే ముందు హెడ్మాస్టరును అడిగాను.

"రేపు కూడా రానాండీ?"

ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. "ఎందుకమ్మా? నువ్వు రాకపోయినా ఆ పేరుకి రోజూ హాజరు పడుతుంది."

ఆ ఏడు ఆ లేని పిల్ల మూడో తరగతి పాసైందట. దాని మీద నాకు ఇప్పటికీ కుళ్లే.