అడిగేదీ వాడే, చెప్పేదీ వాడే

మదనపల్లెలో మా మిద్దె మీద కంప్యూటర్ పిల్లోడు ఒకడు బాడుగకుండినాడు. మర్యాదస్తుడు, దాంట్లో తక్కువ లేదు. "అవ్వా, తిన్నావా? తినుంటావులే" అని తనే అడిగి తనే తేల్చేసేవాడు. నా నోటికి ఏనాడూ పని పెట్టినోడు కాదు.

టమాట మండీకి వాడొక ప్రోగ్రాం రాసినాడు. నల్ల తెర మీద "ఈ ధరకు అమ్ముతావా?" అని అడగతాది, రైతు అవుననో వద్దనో కొట్టాల. మండీవాళ్లకు నచ్చకపోతే వాడి ఉద్యోగం పోతాది. పరీక్ష చేసినావా అంటే, జవాబులు ముందే రాసిపెట్టి కంప్యూటర్ చేతనే కొట్టించినాడంట. అన్నీ పాసంట.

"నువ్వే అడిగి నువ్వే చెప్పుకుంటే ఇంక ఫెయిలయ్యేదెవరప్పా?" అన్నా. నవ్వి, నన్ను ఆ తెర ముందర కూర్చోబెట్టినాడు.

అరవై దాటినాక అక్షరాలు నేర్చినదాన్ని. 'ఈ ధరకు' వరకు కూడబలుక్కున్నానో లేదో, "సరే, అమ్మేసినావు" అని తెర మీద పడింది.

"పది సెకండ్లు పలక్కపోతే సరే అన్నట్టే అవ్వా. నేను పెట్టిందే."

"నా పెండ్లిలోనూ ఇట్లే లెక్కేసినారు" అన్నా.

వాడి మొగంలో నవ్వు పోయింది. ఆడనే కూర్చుని ఆ పది సెకండ్ల గడువు తీసేసినాడు. మండీలో ఇప్పటికీ నడిచేది ఆ గడువు లేని ప్రోగ్రామే. ఈ తూరి తెర కదలకుండా కాచుకునింది. వాడూ నోరు మూసుకుని కాచుకున్నాడు. నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటా "వద్దు" అని కొట్టినా.

"యాల వద్దంటివి అవ్వా, ధర బాగుండాది కదా?"

"ధర సంగతి నాకేం తెలుసప్పా. అడిగి ఆగినారు కదా, అందుకే."