రంగనాథం నిలబడిన గది

చూపు లేని మనిషి కంప్యూటర్‌లో ఆట ఆడతాడంటే నంద్యాలలో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానె. విజయసారథి ఆరేళ్ళుగా ఆడుతూనే ఉన్నాడు. ఆ ఆటలో బొమ్మలుండవు, రంగులుండవు, అంతా రాతే. నువ్వు కోట గుమ్మం ముందు ఉన్నావు, ఉత్తరాన మెట్లు, తూర్పున సందు అని అక్షరాలు వస్తాయి. ఉత్తరానికి పొమ్మని టైపు చేస్తే మెట్లెక్కుతావు. ఆ అక్షరాలను చదివి వినిపించే ముక్కు గొంతొకటి అతని కంప్యూటర్‌లో ఉంది. ఆట నడిచే సర్వరు ఎక్కడో ఫిన్లాండ్‌లో, రిటైరైన ఒక మాస్టారి ఇంట్లో ఉందంటారు. పద్మావతి నగర్‌లో చెల్లెలు పద్మప్రియ ఇంటి మేడ మీద గదిలో కూర్చుని, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, పేరూ పాస్‌వర్డూ కొట్టి ఆ కోటలోకి పోతాడు విజయసారథి.

అంతకుముందు అతను ఆళ్ళగడ్డలో శిల్పి. విగ్రహం ఎవరు చెక్కినా కళ్ళు మాత్రం సారథి చేతే తెరిపించాలని పట్టుబట్టిన గుళ్ళవాళ్ళున్నారు. అలాంటివాడి ఒక కన్ను రాతి పెచ్చు ఎగిరి పోయింది. రెండోదాన్ని షుగరు తినేసింది. ఇప్పుడు కార్ఖానాలవాళ్ళు ఫోన్ చేస్తే బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయి, రాతి మీద సుత్తితో కొట్టి, మోత విని లోపల పగులుందో లేదో చెబుతాడు. ఆ పని నెలకు రెండు మూడు రోజులు ఉంటుంది. మిగతా రోజులన్నీ కోటలోనే.

కోట దారి చూపినవాడు రంగనాథం. ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర జిరాక్సు అంగడి అతనిది. సారథి కంటే ఎనిమిదేళ్ళు చిన్న. సారథి కళ్ళు పోయి, ఇంట్లో గోడకు ఆనుకుని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న కాలంలో వచ్చి, "సారథన్నా, కండ్లతో పని లేని ఆట ఒకటి ఉండాది. నేర్చుకుంటావా?" అన్నాడు. సారథి బూతులు తిట్టి పంపించాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. రెండు నెలలు పక్కన కూర్చుని మీటల మీద అతని వేళ్ళు పట్టుకుని మరీ నేర్పాడు. కన్నతల్లికి కూడా అంత ఓపిక ఉండదు. ఆ మనిషి లేకపోతే తాను ఎప్పుడో మందు తాగి చచ్చేవాణ్ణని సారథి చెల్లెలితో ఒకటికి పదిసార్లు చెప్పాడు.

ఆటలో సారథి విలుకాడు. గుడ్డివాడు విలుకాడేమిటని అక్కడ ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు కాబట్టి. అందుకే అతను రంగనాథానికి ఒక కట్టుబాటు పెట్టాడు.

"లోపల ఉన్నంతసేపు బయటి మాట వద్దురా. నా కండ్ల సంగతి, నీ అంగడి సంగతి, ఏదీ వద్దు. ఆడ నేను విలుకాన్ని, నువ్వు కత్తి పట్టినోడివి. అంతే."

రంగనాథానికి మొదట్లో నాలుక ఊరుకునేది కాదు. పోరు మధ్యలో "అన్నా, బువ్వ తిన్యావా?" అని ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాడు. సారథి పావుగంట సేపు జవాబివ్వకుండా శిక్ష వేసేవాడు. అలా నాలుగైదుసార్లయ్యాక రంగనాథం దారికొచ్చాడు. ఆటలో ఆకలేస్తే ఆటలో రొట్టె అడిగేవాడు, ఆటలో దెబ్బ తగిలితే ఆటలోనే మూలిగేవాడు. ఎంత బాగా మూలుగుతాడని సారథి ముచ్చటపడేవాడు.

ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం మూడున్నరకు ఇద్దరూ కోట నేలమాళిగలో ఒక కాపలాదారుతో తలపడ్డారు. వాడి బాణం రంగనాథం రొమ్ముకు తగిలింది. వాణ్ణి చంపారు. ఆ తర్వాత రంగనాథం రాశాడు, ఎదలో నొప్పిగా ఉందని. సారథి తన సంచిలోంచి మందు సీసా తీసి ఇచ్చి, టీకి పోయొస్తానని చెప్పి ఆట మూసేసి కిందికి దిగాడు. అరగంటకు తిరిగొచ్చి చూస్తే రంగనాథం అదే గదిలో ఉన్నాడు, పలకలేదు. ఆళ్ళగడ్డలో కరెంటు పోయిందనుకుని నాలుగు ఎకసక్కెపు మాటలు రాసి వదిలేశాడు. సాయంత్రం ఆరింటికి ఫోన్ వచ్చింది. షట్టరు సగం దించిన అంగడిలో, కుర్చీలోనే రంగనాథం పోయాడు. గుండె ఆగిందన్నారు.

ఆ ఆటలో సెలవు తీసుకోకుండా లైను తెగిపోతే, మాస్టారు సర్వరును ఆపి మళ్ళీ నడిపేదాకా మనిషి ఉన్నచోటే నిలబడిపోతాడు. ఆయన ఏడాదికోసారి కూడా ఆపడు. సారథి మూడు నెలలుగా రోజూ నేలమాళిగకు దిగుతున్నాడు. దిగగానే ముక్కు గొంతు ఒకే మాట చెబుతుంది: రంగనాథం ఇక్కడ నిలబడి ఉన్నాడు. అతని చూపు ఎటో ఉంది. అతని చేతిలో మందు సీసా ఉంది. తాగని సీసా. పోకుండా ఉండలేడు. పోయి ఒక్క మాట కూడా రాయలేడు. ఈ సంగతి అతను చెల్లెలికి కూడా చెప్పలేదు.

జులై చివర్లో రంగనాథం భార్య శ్రీలక్ష్మి నంద్యాల వచ్చింది. ఆళ్ళగడ్డలో అంగన్‌వాడీ టీచరు. సంచిలో మొగుడి లాప్‌టాప్ తెచ్చింది. పద్మప్రియ డ్యూటీకి పోయి ఉంది. శ్రీలక్ష్మి మేడ మీదికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అన్నా, ఆ పొద్దు నేను మీటింగులో ఉంటి. ఫోను సైలెంటులో పెట్టినా. ఆయన పోయే ముందర ఏమన్నాడో నాకు తెలీదు. నీతోనే కదా ఆడతాండె. దీంట్లో ఏమన్నా ఉంటాదా? ఒక్క మాటైనా సరే, నాకు కావల్ల."

ఉంటుంది. ప్రతి మనిషీ చివరగా అన్నవీ విన్నవీ ఓ ఇరవై మాటలు ఆ ఆట దాచి ఉంచుతుంది. రంగనాథం పేరుతో లోపలికి పోయి, పాత మాటలు చూపమని ఒక ఆజ్ఞ కొడితే చాలు. అవి బయటికొస్తే ఈమెకు తన సంగతి తెలిసిపోతుంది. "అందులో ఏమీ ఉండదమ్మా" అంటే సరిపోయేది. ఆమె నమ్మేది, కాఫీ తాగి బస్సెక్కేది. ఆ మాట సారథి నోటిదాకా వచ్చింది కూడా. ఆ లాప్‌టాప్‌లో చదివి వినిపించే గొంతు లేదు. కుదరలేదని అబద్ధమాడినా అడ్డం వచ్చేవాళ్ళు లేరు. అయినా అతని వల్ల కాలేదు. మూడు నెలల మోత మోసిన మనిషి, ఇక మోయలేకపోయాడు.

"ఉంటాదమ్మా," అన్నాడు. "నేను చెప్పేది నువ్వు కొట్టు. వచ్చింది వచ్చినట్టు చదువు. ఎవరి మాటైనా సరే, మధ్యలో ఆపొద్దు."

ఆమె ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టింది. పాస్‌వర్డు ఆ యంత్రంలోనే ఉంది. లైను కలిసింది.

"ఏందో వచ్చిండాదన్నా. నీ ఒంట్లోకి నువ్వు తిరిగి వచ్చినావు, అంటాండాది."

లైను తెగినవాడు మళ్ళీ వస్తే ఆ ఆట ఎవరికైనా చెప్పే మాటే అది. సారథి ఎన్నోసార్లు విన్నదే. ఇప్పుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. పాత మాటల ఆజ్ఞ చెప్పాడు. శ్రీలక్ష్మి కొట్టింది. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును కూడబలుక్కుంటూ చదవసాగింది.

"రంగనాథం: ఎదలో నొప్పిగా ఉండాదన్నా. సారథి: ఏమప్పా, మగోడివి, ఒక్క బాణానికేనా? రంగనాథం: బాణం కాదన్నా. చెమటలు పడతాండాయి. సారథి: భలే మూలుగుతావురా. ఇంద, ఈ మందు తాగు, తగ్గిపోతాది. రంగనాథం: అన్నా, ఆట కాదు. సారథి: ఆట కాదంటే ఊరుకోను, శిక్ష పడతాది. టీకి పోయొస్తా."

ఆమె గొంతు అక్కడ ఆగింది. సారథికి తెలిసినంతవరకు కథ అంతే. ఇక తిడుతుందని, కొట్టినా కొడుతుందని కాచుకుని కూర్చున్నాడు. కానీ ఆమె మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇంకా ఉండాదన్నా. రంగనాథం: అన్నా, పోవాకు. రంగనాథం: ఫోను ఆ పక్క ఛార్జింగులో ఉండాది, లేవలేకుండా ఉండా. రంగనాథం: శ్రీలక్ష్మికి ఫోన్ చెయ్యన్నా. రంగనాథం: ఉండావా? రంగనాథం: అన్నా, ఉండావా?"

అవి తాను వెళ్ళిపోయాక రాసిన మాటలు. వాటిని విన్నవాడు లేడు. రంగనాథం మాటలు అతని భార్య గొంతుతో ఆ గదిలో వినబడుతుంటే, సారథికి పక్కనే రంగనాథం కూర్చుని అడుగుతున్నట్టే ఉంది. జవాబు చెప్పాలని నోరు తెరిచాడు. మూడు నెలలు ఆలస్యమైందని గుర్తొచ్చి మూసుకున్నాడు.

"తర్వాత నీ మాటలు ఉండాయి," అంది శ్రీలక్ష్మి. "కరెంటు బిల్లు కట్టలేదా అని ఎగతాళి చేసినావు. అంతే, అయిపాయె."

కింద వీధిలో ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. శ్రీలక్ష్మి ముక్కు చీదింది.

"నన్ను తలుచుకున్నాడు," అంది. ఆ ఒక్క మాటలో ఆమెకు ఎంత దక్కిందో, ఎంత పోయిందో సారథికి తెలిసింది. ఆమె మళ్ళీ అంది. "టీకి ఎంతసేపు పోయినావన్నా?"

"అరగంట." అన్నాడు. "టీ అంగడి కింద సందులోనే. ఎవురో పలకరిస్తే నిలబడి మాట్లాడినా. వానిష్టానికి వాన్ని మాట్లాడనీలే నేను. బయటి మాట ఎత్తితే శిక్ష అని నేనే పెడితి. నేనే చంపినా అమ్మా వాన్ని."

సారథి ఆగి విన్నాడు. తిట్టు లేదు, ఏడుపు లేదు. మీటల చప్పుడు లేదు. ఫ్యాను మాత్రం తిరుగుతోంది. లేచి వెళ్ళిపోయిందేమో అనిపించింది. మెట్ల మీద అడుగులు వినబడ్డాయా లేదా అని మనసులో వెతుక్కున్నాడు. చూపుంటే ముఖం చూసి తెలుసుకునేవాడు. ఒంటరిగా వదిలేసి పోయినా ఆమెది తప్పు కాదు. చెయ్యి చాపి కుర్చీ తడమాలనిపించింది, ధైర్యం చాలలేదు.

"అమ్మా శ్రీలక్ష్మీ," అన్నాడు. జవాబు రాలేదు. అతనికి భయమేసింది, చిన్నపిల్లవాడికి వేసినట్టు వేసింది. "ఉండావా?"

"ఉండా," అంది శ్రీలక్ష్మి.