వేళ కాకుండా మోగిన గంట

ఫాదర్లు కావడానికి చదివే సెమినరీలో గంట అంటే దేవుడి గొంతు అని చేరిన మొదటి రోజే చెబుతారు. తొలి దెబ్బ చెవిన పడగానే చేతిలో ఏ పని ఉన్నా వదిలెయ్యాలి. రాస్తున్న అక్షరానికి కొమ్ము పెట్టడం మిగిలిపోయినా సరే, కలం కింద పెట్టాలి. చెబుతున్న మాట సగంలో ఉంటే సగంలోనే మింగెయ్యాలి. లేవడానికి గంట, ధ్యానానికి గంట, పూజకి గంట, పాఠానికి గంట, ఆటకి గంట, ఆట మానడానికీ గంటే. ఇన్ని గంటలు కొట్టడానికి మనిషొకడు ఉండాలిగా. అక్కడ చదువుకునే ప్రతివాడూ బ్రదరే, ఇతను గంట బ్రదర్.

అసలు పేరు ఉంది, లేకేం. ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ దాన్ని వాడరు. తండ్రి బస్సు డ్రైవరు, తల్లి ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మనిషి దిట్టం, మాట పొదుపు. ఊడ్చే పని, తోట పని, చాపెల్లో దీపాల పని ఏడాదికొకసారి చేతులు మారుతాయి కాని గంట తాడు మాత్రం మొదటి ఏడాది నుంచీ అతని చేతిలోనే ఉండిపోయింది. జ్వరమొచ్చినా, వాన కురిసినా వేళ తప్పలేదు మరి. సెమినరీకి పెద్ద అయిన రెక్టర్ ఫాదర్ అంతటివాడు తన గడియారాన్ని ఈ గంట విని సరిచేసుకుంటాడని చెప్పుకునేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా గంట బ్రదర్ తల వంచుకుని వినయం నటించేవాడు. లోపల మాత్రం పొంగిపోయేవాడు.

అతని బతుకులోకి నిచ్చెన వచ్చింది రెండో ఏడాది. నిచ్చెన అంటే మనిషే. అంత పొడుగు. కొత్తగా చేరిన ఆ నిచ్చెన బ్రదర్‌కి ముందూ వెనకా ఎవరూ లేరు. పుట్టిన ఇల్లు తెలీదు, పెరిగింది కన్యాస్త్రీల ఆశ్రమంలో. సెమినరీలో నెలకొక ఆదివారం ఇంటివాళ్ళు చూడడానికి వస్తారు. ఆ రోజు ముందుగది నిండా బెంచీలు, బెంచీల నిండా తల్లులు, తండ్రులు, మూటలు. నిచ్చెన కోసం ఎవరూ రారు కాబట్టి అతను వంటింట్లో గిన్నెలు తోముకునేవాడు. గంట బ్రదర్‌కి జాలేసింది. పోయి పోయి తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తల్లి ముందు కూర్చోబెట్టాడు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

మొదటి నెల ఆవిడ తెచ్చిన రొట్టె ఇద్దరికీ సగం సగం తుంచి పెట్టింది. రెండో నెల రెండు పొట్లాలు తెచ్చింది. సరే, అంతవరకు బాగానే ఉంది. మూడో నెలకి నిచ్చెన ఆవిడని "అమ్మా" అన్నాడు. ఏడాది తిరిగేసరికి ఆవిడ గదిలోకి అడుగు పెడుతూనే, "పొడుగోడు ఏడిరా?" అని అడగడం మొదలుపెట్టింది. ఏకు మేకై కూర్చుంది.

నిచ్చెనకి కబుర్లు చెప్పడం వచ్చు. లాటిన్ పాఠంలో ఎవరు నిద్రపోయారో, చారులో ఉప్పు ఎవరు రెండుసార్లు వేశారో, ప్రసంగం అభ్యాసం చేస్తూ ఎవరు "ప్రియ సహోదరులారా" దగ్గరే ఆగిపోయారో, అన్నీ చెప్పి ఆవిడని కడుపుబ్బ నవ్వించేవాడు. గంట బ్రదర్ పక్కన కూర్చుని పొట్లం విప్పుకుని తినేవాడు. తల్లి ఇతన్ని ఏదన్నా అడిగితే "ఊ", లేకపోతే "బాగానే ఉంది." అంతే. నవ్వులన్నీ అవతల, నమలడం ఇవతల. వాళ్ళిద్దరి తలలు దగ్గర పడేకొద్దీ ఇతను ఇంకా గట్టిగా నమిలేవాడు.

దేవుడి కోసం ఇల్లూ వాకిలీ వదులుకున్నవాడికి ఈ ఓర్వలేనితనం ఏమిటని మీరు అడగొచ్చు. అతనూ తనని తాను అడిగాడు. రాత్రి ప్రార్థన ముందు ఆత్మపరిశోధనలో రోజూ అదే పాపం, అదే పేరు. చివరికి ఆధ్యాత్మిక గురువు దగ్గర చెప్పుకుంటే ఆ పెద్దాయన నవ్వి, రోజూ ఆ బ్రదర్ కోసం ఒక జపమాల చెప్పమన్నాడు. చెప్పాడు. ఒక్క రోజూ మానలేదు. నిచ్చెన గురుపట్టం పొంది ఫాదర్ కాగానే ఎక్కడో సముద్రాల అవతల, ఉత్తరం కూడా చేరని చోట ఉద్యోగం వెయ్యమని భక్తిగా వేడుకున్నాడు.

చూస్తూండగానే చదువులు గడిచిపోయాయి. పైగా నిచ్చెన చురుకైనవాడు కావడంతో పెద్దలు ఒక ఏడాది చదువు తగ్గించి ఇతని తరగతిలోకే ఎక్కించారు. పుండు మీద కారం చల్లినట్టయింది. ఇద్దరూ ఒకే రోజు పట్టానికి ముందు మెట్టెక్కి డీకన్లయ్యారు. ఇద్దరికీ ఒకే రోజు గురుపట్టం ఇవ్వాలని అనుకున్నారు.

గురుపట్టం నాడు బిషప్ గారు కొత్త గురువు అరచేతులకి పరిశుద్ధ తైలం పూసి, ఒక తెల్ల గుడ్డతో కట్టిస్తారు. ఆ సెమినరీ ఆనవాయితీ ప్రకారం పూజ చివర కొత్త గురువు ఆ తైలపు గుడ్డ తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. ఆ క్షణంలో గంట మోగుతుంది. ఆవిడ దాన్ని దాచుకుంటుంది. ఆవిడ పోయినప్పుడు అదే గుడ్డ చేతిలో పెట్టి పెట్టె మూస్తారు. నా కొడుకుని నీకిచ్చానని దేవుడికి చూపించుకోవడానికట. గంట బ్రదర్‌కి పట్టం ఎంతో ఆ గుడ్డ అంత. తల్లిని ఇంకెవరితోనూ పంచుకోనక్కర్లేనిది అదొక్కటే అని అతని లెక్క.

పట్టానికి కొన్ని నెలల ముందు ఒక ఆదివారం తల్లి సంచీలోంచి ఒక తెల్ల గుడ్డ తీసింది. అంచు చుట్టూ సన్నటి గోధుమ కంకుల కుట్టు. గంట బ్రదర్ మంచినీళ్ళ కూజా నింపుకొచ్చేసరికి ఆ గుడ్డ నిచ్చెన ఒళ్ళో ఉంది. ఆవిడ అతని మోచేయి పట్టుకుని ఏదో బతిమాలుతోంది. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. కన్నకొడుకు ముందు ఒక్కనాడు కంటతడి పెట్టని మనిషి!

కూజా కిటికీలో పెట్టాడు. వసారాలోకి నడిచాడు. గోడ గడియారం వైపు చూడను కూడా లేదు. తాడు పట్టుకుని లాగాడు.

తొలి దెబ్బకే నిచ్చెన లేచి నిలబడ్డాడు. గుడ్డ ఆవిడ చేతిలో పెట్టి, తల వంచి, చెబుతున్న మాట సగంలోనే ఆపి వెళ్ళిపోయాడు. గది అంతా లేచింది. తల్లులు మూటలు కట్టుకున్నారు, గేటు మూశారు. ఇంకా బోలెడు వేళ ఉంది. కాని గంటని అనుమానించేవాడు ఆ ఇంట్లో లేడు.

చిక్కు గేటు బయట వచ్చింది. మొదటి ఏడాది పిల్లవాడొకడి తండ్రి అయిన తోటమాలి చాలా దూరం నుంచి వేళ మించకుండా వచ్చాడు. వచ్చేసరికి గేటు మూసి ఉంది. పాపం తలుపు కొట్టడానికి మొహమాటపడి, జామపళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని గోడ నీడన కూర్చుండిపోయాడు. సాయంత్రం షికారుకి బయల్దేరిన రెక్టర్ ఫాదర్ కంట పడ్డాడు.

శుక్రవారం శుక్రవారం బ్రదర్లంతా చేరి ఎవరి తప్పు వాళ్ళు లేచి చెప్పుకునే సభ ఒకటుంది. ఆ వారం రెక్టర్ ఫాదర్ తోటమాలి సంగతి చెప్పి, గంట ముందే ఎందుకు మోగిందని అడిగాడు. గంట బ్రదర్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. లేద్దామని మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు కూడా. ఈలోగా నిచ్చెన లేచాడు.

ముందుగది గడియారానికి కీ ఇచ్చే పని ఆ ఏడాది నిచ్చెనది. గంట తప్పు మోగదు కాబట్టి గడియారమే ముందుకు పోయి ఉంటుందని, ఆ ఉదయం ముల్లు సరిచేసింది తనే కాబట్టి తప్పు తనదేనని చెప్పి మోకరించాడు. త్యాగమూ కాదు, నటనా కాదు. నిజంగా అలాగే నమ్మాడు. తోటివాడు గంటతో అబద్ధమాడిస్తాడన్న ఊహ ఆ పిచ్చివాడి బుర్రకి తట్టలేదు.

రెక్టర్ ఫాదర్ గట్టిమనిషి. పట్టం దాకా ముందుగదిలో అడుగు పెట్టొద్దన్నాడు. ముల్లునే చూసుకోలేనివాడు మందని ఏం చూసుకుంటాడు, ఈ ఏడాది పట్టం ఇవ్వాలో వద్దో ఆలోచించాలన్నాడు. నిచ్చెన తలూపాడు. గంట బ్రదర్‌కి మాత్రం రొట్టె విరిగి నేతిలో పడింది. తల్లి ఇక పూర్తిగా తనదే. ఆ సంతోషం మూడు పూటలు కూడా నిలవలేదు. అన్నం ముందు కూర్చుంటే మింగలేక, ఎవరికైనా చెబుదామంటే కక్కలేక తిరిగాడు. నిచ్చెన కనిపించినప్పుడల్లా "అన్నా, నా వల్ల నీకు మాట వచ్చింది" అని తిరిగి ఇతన్నే ఓదార్చేవాడు. ఆ మంచితనం కూడా వాడికే కావాలా అని ఇతనికి మళ్ళీ ఒళ్ళు మండేది.

తర్వాతి ఆదివారం తల్లి వచ్చింది. అటూ ఇటూ చూసి, అడగనే అడిగింది. రాడు, శిక్షలో ఉన్నాడు అన్నాడు. ఆవిడ రెండు పొట్లాలూ పక్కన పెట్టింది. ఆశపడ్డట్టే ఆ బెంచీ మీద ఇద్దరే ఉన్నారు. ఆరోగ్యం ఎలా ఉందని ఆవిడ అడిగింది, బాగానే ఉందన్నాడు. దగ్గు తగ్గిందా అంది, ఊ అన్నాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"దగ్గని నీకెవరు చెప్పారు?" అన్నాడు చివరికి.

"ఎవరు చెబుతారు? పొడుగోడే. నువ్వు ఊ తప్ప ఇంకేం చెబుతావురా? ఏం తింటున్నావో, ఎప్పుడు పడుకుంటున్నావో, నాన్న మీద బెంగ పెట్టుకున్నావో లేదో, నెలంతా నీ సంగతులు పోగేసి వాడు చెబితే నేను విని పోతున్నాను."

గంట బ్రదర్ పొట్లం దారం విప్పుతూ ఆగిపోయాడు.

"మరి ఆ రోజు గుడ్డ చూపించి వాణ్ణేం బతిమాలావు?"

ఆవిడ సంచీలోంచి గుడ్డ తీసింది. "ఇది నీది. వాడికీ ఒకటి కుడతానన్నాను. తల్లి లేని పిల్లాడు, సెమినరీ వాళ్ళ పాత గుడ్డ కట్టించుకుంటాడా అని. వద్దమ్మా, అన్న కష్టపెట్టుకుంటాడు అన్నాడు. నేను వినలేదు. ఏదో చెప్పబోయాడు, ఈలోగా గంట కొట్టేశారు."

అంటే వాడికి తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. గంట బ్రదర్ తలెత్తకుండా చెప్పాడు. "కొట్టేశారు కాదమ్మా. నేనే కొట్టాను. వేళ కాకుండానే. నిన్ను వాడి దగ్గర్నుంచి లేపడానికి."

ఆవిడ తిట్టలేదు. గుడ్డ అంచు వేళ్ళతో తడిమింది.

"ఎందుకురా అంత కుళ్ళు?"

"నువ్వు పోయేటప్పుడు పట్టుకుపోయేది నాదొక్కటే కావాలనుకున్నాను."

"నాకు చేతులు రెండున్నాయి కదరా" అంది ఆవిడ.

ఆ సాయంత్రమే రెక్టర్ ఫాదర్ గది తలుపు తట్టాడు. గంట సంగతి ఒక్కటే అయితే మందలింపుతో పోయేది. మరొకడు మోకరిస్తే చూస్తూ ఊరుకోవడం పెద్దల దృష్టిలో చిన్నది కాలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు. నిచ్చెనకి ఈ ఏడాదే పట్టం. ఇతనికి వచ్చే ఏడాది, అదీ నడత చూశాక. గంట తాడు తీసేసుకుంటారనుకున్నాడు. తియ్యలేదు. రోజూ దాన్ని పట్టుకోవడమే నీ శిక్ష అన్నాడు రెక్టర్ ఫాదర్.

నిచ్చెనకి కూడా తనే చెప్పాడు. నిచ్చెన, "అయితే గడియారం బాగానే ఉందన్నమాట" అని నిట్టూర్చాడు.

మరుసటి నెల తల్లితో, నా గుడ్డ వాడికిచ్చెయ్యమన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడనుకునేరు. పళ్ళు కొరుక్కుంటూ అన్నాడు. మళ్ళీ కుట్టే వేళ లేదు, ఆవిడ కళ్ళు కూడా మునుపటిలా లేవు, అందుకని. ఆవిడ గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుంది.

పట్టం నాడు చాపెల్ కిక్కిరిసింది. ముందు వరసలో తల్లి, పక్కన బస్సు డ్రైవరు ఇస్త్రీ చొక్కాలో. వెనక, వసారాలోకి తెరిచిన తలుపు దగ్గర తాడు పట్టుకుని గంట బ్రదర్. బిషప్ గారు తైలం పూశారు. గోధుమ కంకుల గుడ్డతో నిచ్చెన చేతులు కట్టారు. అక్కడ ఉండాల్సినవి తన చేతులు. చూడకూడదనుకుంటూనే కళ్ళార్పకుండా చూశాడు. అసూయ పోయిందా అంటే, వెంట్రుకవాసి కూడా పోలేదు.

పూజ ముగిసింది. నిచ్చెన తైలపు మరకలున్న గుడ్డ రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. ఇక ఆవిడ లేచి అందుకోవాలి, గంట మోగాలి.

ఆవిడ లేవలేదు.

చాపెల్ అంతా ఎదురుచూస్తోంది. బస్సు డ్రైవరు మోచేత్తో పొడిచాడు. అయినా లేవలేదు. కూర్చున్న చోటే వెనక్కి తిరిగి, అన్ని తలల మీదుగా, తలుపు దగ్గర తాడు పట్టుకున్న కొడుకు వైపు చూసింది. అతను ఊ అనేదాకా ఆ గుడ్డ ముట్టుకునేలా లేదు. నిచ్చెన కూడా ఆవిడ చూపు వెంటే అటు చూస్తూ గుడ్డ పట్టుకుని నిలబడిపోయాడు.

ఇన్నేళ్ళూ ఆవిడ ముందుగా తనవైపు చూడాలని కోరుకున్న మనిషి, ఆ చూపుకి తట్టుకోలేక మొహం తాడుకి ఆనించుకున్నాడు. తర్వాత తలెత్తి, సరేనన్నట్టు ఊపాడు.

ఆవిడ లేచింది. ఎడమ చెయ్యి వచ్చే ఏడాదికని కొంగులోనే ఉంచుకుని, కుడి చెయ్యి ఒక్కటే చాపి గుడ్డ అందుకుంది. అతను తాడు లాగాడు.