చలిగదిలో చలికోటు

మొన్న ఆదివారం భూపాలపల్లిలో మా క్వార్టర్‌లో ఇనుప పెట్టె తెరిచి పాత చలికోటు బయటికి తీసి దులిపాను. వరుసగా నాలుగు తుమ్ములొచ్చాయి. ఎన్నిసార్లు ఉతికినా దాని కుట్లలో ఎండుమిరప ఘాటు ఇంకా మిగిలే ఉంది. నేనిక్కడ ఆడపిల్లల బడిలో ఆటల టీచర్‌ని. చలికాలం సెలవుల్లో పెద్ద తరగతి పిల్లల్ని కొందరిని హిమాలయాలకు నడిపించుకెళ్తుంటాను. ఆ పనికోసమే కోటు తీశాను. కానీ గొంతులో ఆ మంట తగలగానే చేతిలో పని ఆగిపోయింది. ఆ కోటు నాకు ఎంచి ఇచ్చిన యాదగిరి సార్ గుర్తొచ్చారు.

ఆయన మహబూబాబాద్ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. డిగ్రీ అయ్యాక మా తండా నుంచి వెళ్ళి నేను ఆయన కిందే పనికి చేరాను. చలిగదుల్లో తిరిగి, గోడ మీది థర్మామీటర్ చూసి, ఎక్కడైనా చలి తగ్గితే ఆయనకు చెప్పడం నా పని. బయట ఎండ మండిపోతుంటే లోపల నాలుగైదు డిగ్రీల చలి. సార్ సన్నటి మనిషి, మాట తక్కువ. అప్పటికే ఇరవై ఏళ్ళుగా ఆ చలిలోనే పనిచేస్తున్నారు. మంచు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

కాలేజీలో ఉండగా భువనగిరి గుట్ట మీద నాకు రాళ్ళెక్కడం నేర్పిన మేడం ఒకరోజు ఫోన్ చేశారు. డిసెంబరులో హిమాలయాల్లో వారం రోజుల నడక ఉంది, వస్తావా అని. ఎగిరి గంతేశాను. సెలవు కోసం సార్ దగ్గరికి పోయి, "సార్, మంచుకొండలకు పోతున్న, మంచి జాకెట్ కొనుక్కోవాలె" అన్నాను. మా వైపు జాకెట్ అంటే రవికే. ఆయన తల దించుకుని, "గదంతా నాకెందుకు చెప్తవ్ బిడ్డా, మీ అమ్మకు చెప్పు" అన్నారు. చలికోటు సార్, చలికోటు అని నేను నవ్వాపుకోలేక చెప్పాల్సి వచ్చింది.

తరువాతి వారం జనగామలో మా పిన్ని ఇంటికి పోయినప్పుడు స్టేషన్ రోడ్డులో కోటు కొన్నాను. మెరిసే గులాబీ రంగు. నడుము దగ్గర బిగువుగా పట్టి, అద్దంలో నన్ను నాకే కొత్తగా చూపించింది. పుట్టినప్పటి నుంచి అక్కల పాతబట్టలు తొడుక్కున్నదాన్ని, నాకోసం నేను కొనుక్కున్న మొదటి ఖరీదైన బట్ట అది. మరునాడు దాన్ని వేసుకునే పనికి పోయాను.

సార్ ఎగాదిగా చూశారు. "మంచిగున్నది. దా, లోపల చూద్దాం" అని చలిగదిలోకి తీసుకుపోయారు. బస్తాల నడుమ చెక్క మెట్లుంటాయి, నాలుగు అంతస్తులు. అరగంటసేపు ఎక్కమన్నారు, దిగమన్నారు. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. అప్పుడు కింద చెక్కమీద కూర్చోమన్నారు. కాసేపట్లోనే తడిసిన వీపు మంచుగడ్డలా మారింది. మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాను.

"చలేస్తుందా?"

"లేదు సార్."

"నీ పండ్లు కొట్టుకుంటున్నయ్ బిడ్డా, నాకు ఇనబడుతుంది."

అయినా లేదన్నట్టే తల అడ్డంగా ఊపాను. తండా నుంచి వచ్చి హాస్టళ్ళలో చదువుకున్న మాకు అదొక అలవాటు. ఆకలవుతుందా అంటే లేదు, జ్వరమొచ్చిందా అంటే లేదు. అవునంటే ఇంటికి పంపేస్తారని భయం. ఆ రోజు కూడా, అవునంటే కొండలకు పోవద్దంటారని భయపడ్డాను.

"నేను వద్దన్ననా? పోవాలె. కానీ చలేస్తుందని చెప్పకుంటే నీ ఎంబడి ఉన్నోళ్ళకు ఎట్ల తెలుస్తది? ఇంకోసారి అడుగుతున్న, చలేస్తుందా?"

"వేస్తుంది సార్. మస్తు వేస్తుంది."

ఆయన తన ఉన్ని శాలువా నా మీద కప్పి బయటికి తీసుకొచ్చారు. చాయ్ తాగుతూ ఆయన చెప్పింది ఇంతే. నడిచేటప్పుడు ఒళ్ళే వేడి పుట్టిస్తుంది, అప్పుడు పలచగా వేసుకుని చెమట పట్టకుండా చూసుకోవాలి. పెద్ద కోటు నడకకు కాదు, ఆగినప్పటికి. ఆగిన మరుక్షణం అన్ని బట్టల మీదుగా దాన్ని తొడుక్కోవాలి. కాబట్టి అది వదులుగా ఉండాలి. "గీ గులాబీ కోటు కింద నీ స్వెట్టరే పట్టదు" అన్నారు.

ఆ తరువాతి ఆదివారం ఆయనే నాతో రైలెక్కి జనగామ వచ్చారు. కొట్టతను గులాబీ కోటును గొణుక్కుంటూనే వాపసు తీసుకున్నాడు. అమర్‌నాథ్ యాత్రకు పోయేవాళ్ళ కోసం తెప్పించిన కోట్లు లోపల రెండు మూడున్నాయి. ఒకటి బాతు ఈకల నూగు నింపినది, పట్టుకుంటే దూదిపింజలా ఉంది.

"తడిస్తే?" అని అడిగారు సార్.

"తడిస్తే ముద్దయితది, వెచ్చదనం పోతది" అని కొట్టతను ఉన్నమాట చెప్పాడు.

ఇంకొకదానిలో నూగుకు బదులు కృత్రిమమైన దూది ఉంది. కొంచెం బరువు, కానీ తడిసినా కొంత వెచ్చదనం ఉంచుతుందట. సార్ నాచేత రెండు స్వెట్టర్ల మీద దాన్ని వేయించారు. చేతులు పైకెత్తమన్నారు, నడుము బయటపడుతుందేమోనని. టోపీ పెట్టుకుని అటూ ఇటూ చూడమన్నారు. ఉన్ని తొడుగుల చేతులతో జిప్పు లాగమన్నారు. కొట్లో వాళ్ళంతా నన్నే చూస్తున్నారు. పైగా అది మట్టిరంగు.

"మొగోళ్ళది సార్ ఇది" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"చలికి గా సంగతి తెల్వదు బిడ్డా" అన్నారు.

నడకలో మూడోరోజు మధ్యాహ్నం వాన కలిసిన మంచు మొదలైంది. శిఖరం ఇంకా గంట దూరమే. మాతో వచ్చిన ఖమ్మం అమ్మాయి కాలు జారి చీలమండ మెలిపడింది. ఆమెకు కట్టుకట్టి, కిందికి మోసుకుపోయే ఏర్పాటు చేసేదాకా అందరం ఆ వాలులోనే ఆగిపోయాం. ఆగగానే మట్టిరంగు కోటు తీసి తడిబట్టల మీదుగానే తొడుక్కున్నాను. కాసేపటికి ఛాతీ వెచ్చబడింది. కానీ కుడిచేతి తొడుగు తడిసిపోయి వేళ్ళు కొయ్యబారాయి. గైడ్ వచ్చి అందరినీ బాగున్నారా అని అడుగుతున్నాడు. బాగున్నానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "చలేస్తోంది. వేళ్ళు తెలియట్లేదు" అన్నాను. అతను వెంటనే తడి తొడుగు పీకేసి, నా చేతిని కోటులోపల నా చంకలోనే పెట్టించి, పొడి తొడుగులిచ్చాడు. నేను చెప్పాక మరో ఇద్దరు కూడా మాకూ అలాగే ఉందన్నారు. మేడం ఇక పైకి వద్దన్నారు. శిఖరం చూడకుండానే సాయంత్రానికి అందరం కిందికి చేరాం. గుడారంలో వేడి పప్పన్నం తింటుంటే, గెలిచినవాళ్ళకన్నా ఎక్కువగా నవ్వుకున్నాం.

మహబూబాబాద్‌లో రైలు దిగి ఇంటికి కూడా పోకుండా సార్ దగ్గరికే పోయాను. శిఖరం ఎక్కలేదని చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఆయన అడగనే లేదు. "చేతులు చూపెట్టు" అన్నారు. ఒక్కొక్క వేలి కొన నొక్కి, "తెలుస్తుందా?" అంటూ పదీ చూశారు. గట్టిగా ఊపిరి వదిలారు. అప్పుడు తన ఎడమచేతి చివరి రెండు వేళ్ళు చూపించి చెప్పారు, వాటికి స్పర్శ లేదని. వయసులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు, చలేస్తుందంటే పనిలోంచి తీసేస్తారని నోరు మెదపలేదట. "గిప్పుడు పో, మీ అమ్మ పరేషాన్ అయితది" అన్నారు.

ఆ కోటు వేసుకునే మరో ఏడాది ఆ చలిగదుల్లో పనిచేసి, తరువాత టీచర్‌నై ఇక్కడికొచ్చాను. ఆయన పని మానేసి చిల్పూరులో కూరగాయలు పండించుకుంటున్నారు.

పిల్లలతో కొండలకు పోయినప్పుడు, రోజు నడక ముగిసి గుడారం చేరగానే నేను వాళ్ళ వేళ్ళు నొక్కి చూస్తాను. పోయినేడు నేనింకా అడగకముందే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నా దగ్గరికొచ్చి, "టీచర్, నాకు ఈ వేలు తెలుస్తలేదు" అంది. గాభరా పడాల్సింది పోయి నా గుండె తేలికపడింది. దాని చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి అది మొహం చిట్లించి, "సూదులు గుచ్చినట్టున్నది టీచర్" అంది. వేలికి స్పర్శ తిరిగొస్తోంది. ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను.