శైలజ గీసిన పది అంతస్తులు

శైలజకు కోపం ముక్కు మీదే ఉంటుందని డిపార్ట్‌మెంటులో అందరూ అనేవాళ్లు. ముప్పయి ఆరేళ్లు యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబులో అటెండరుగా చేసి, పోయిన ఏడాదే రిటైరయింది.

తండ్రి బిక్షపతి అదే క్యాంపస్‌లో తోటమాలి. డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. ఇంటర్ చదివిన కూతురికి ల్యాబులో ఉద్యోగం ఇచ్చారు. అప్పుడక్కడ ఉన్నవి నాలుగే చిన్న కంప్యూటర్లు, ఇంట్లో టీవీకి తగిలించుకునే రకం. ఎవరో తెచ్చిన ఫ్లాపీలో ఒక ఆట ఉండేది. కొండ కింద పది అంతస్తుల నేలమాళిగ, అట్టడుగున ఒక మాంత్రికుడు. ఆరుగురు వీరులను తయారుచేసి, పేర్లు పెట్టుకుని దిగాలి. తెర మీద గీతల గోడలు తప్ప ఏమీ కనబడవు. ఎక్కడున్నామో ఆట చెప్పదు, దారి మనమే కాగితం మీద గీసుకోవాలి. చచ్చిన వీరుడు చచ్చినట్టే.

విద్యార్థులు రెండో అంతస్తుకే విసిగి వదిలేశారు. శైలజ వదల్లేదు. మధ్యాహ్నం అన్నం వేళ, సాయంత్రం ల్యాబు మూసే ముందు ఆడేది. అర్థం కాని ఇంగ్లిష్ మాటకు డిక్షనరీ తిప్పేది. అంతస్తుకో గ్రాఫు కాగితం మీద గడి గడికీ గీసి, పక్కన తెలుగులో రాసుకునేది: ‘గీడ గుంత ఉన్నది’, ‘ఇది దొంగ తలుపు’, ‘ఇటు పోతే మళ్ల రాలేం’. మాంత్రికుణ్ని కొట్టేసరికి రెండేళ్లు పట్టింది. పక్కన కూర్చుని చూసేవాడు ఎమ్మెస్సీ చదివే ప్రేమ్ కుమార్. “అక్కా, ఒకసారి చూసిస్తా” అని కాగితాలు పట్టుకుపోయాడు. చదువైపోయింది, మనిషి మాయం, కాగితాలూ మాయం.

మొన్న ఆగస్టులో పాత కంప్యూటర్ల ప్రదర్శన పెట్టి రిటైరైన వాళ్లను కూడా పిలిచారు. శైలజ తార్నాకలోని ఇంటి నుంచి ఎండలో నడిచే వెళ్లింది. హాల్లో గోడకు పది ఫ్రేములు. వాటిలో తన రాత. కింద కార్డు: ‘విద్యార్థి దశలో డాక్టర్ ప్రేమ్ కుమార్ గీసిన పటాలు’.

ఆమెకు ఒళ్లంతా భగ్గుమంది.

వేదిక మీద ప్రేమ్ కుమార్, ఇప్పుడు ఏదో గేమ్స్ కంపెనీకి పెద్దమనిషి, “తిండి మాని గీసేవాణ్ని” అని చెబుతున్నాడు. ప్రశ్నలడగమనగానే శైలజ లేచింది. మైకు వచ్చేదాకా ఆగలేదు.

“ప్రేమ్! నాలుగో పటంల ఒక మూలకు నల్లగ రుద్దిన గడి ఉన్నది. అదేంది?”

ఆయన గుర్తుపట్టాడు. “అది... ట్రెజర్ అనుకుంటా అక్కా. శానా ఏండ్లయింది గదా.”

“ట్రెజరా? గాడ సచ్చింది బిక్షపతి. మా నాయిన పేరు పెట్టుకున్న వీరుడు. నాయిన పోయి అప్పటికి ఏడాది గూడ కాలె. పెన్సిల్ ఇరిగేదాక రుద్దిన. నువ్వు పక్కన కూసోని సమోసా తింటున్నవ్!”

“అందరం కలిసే ఆడినం గదక్కా, టీమ్‌వర్క్...” అని నవ్వబోయాడు.

“టీమా? నువ్వు ఒక్క గడి గీసినవా? చెప్పు!”

డిపార్ట్‌మెంటు హెడ్ స్వర్ణ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. “శైలజమ్మా, ‘సిబ్బంది సహకారంతో’ అని కార్డుల కలుపుతం. కూసోండి ప్లీజ్.”

ఉన్న కాస్త ఓపిక ఆ మాటతో పోయింది. శైలజ గోడ దగ్గరికి నడిచి నాలుగో ఫ్రేము దించింది. గార్డు ఎంకన్న అడ్డం వచ్చాడు గానీ, ఆమె కళ్లు చూసి పక్కకు జరిగాడు. ఫ్రేము చంకన పెట్టుకుని అదే ఎండలో తార్నాక దాకా నడిచింది.

“కాగితం కోసం గంత లొల్లా?” అన్నాడు భర్త వెంకటేశం.

“సదువుకున్నోడు గీస్తే పటమంట, అటెండర్ గీస్తే సహకారమంట!” అని ఆమె అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు. వెంకటేశం లేచి సుత్తి తెచ్చాడు. ఫ్రేము తుడిచి గోడకు మేకు కొట్టాడు.

రెండు రోజులకు స్వర్ణ ఇంటికొచ్చింది. ప్రేమ్ కుమార్ మెయిల్ చదివి వినిపించింది. కన్ఫ్యూజన్ జరిగిందట, క్షమించాలట. “కన్ఫ్యూజనా!” అని శైలజ మళ్లీ లేచింది. చివరికి స్వర్ణ ఆమె ముందే కొత్త కార్డు రాసింది: ‘గీసినది: శైలజ, ల్యాబ్ అటెండర్’. నాలుగో పటానికి మాత్రం స్వర్ణకు జిరాక్సే దొరికింది, అసలుది శైలజ గోడ దిగలేదు.

ప్రేమ్ కుమార్ ప్రసంగం వీడియో ఇంకా నెట్‌లో ఉంది. దాని కింద శైలజ ‘ఇది అబద్ధం, గీసింది నేను’ అని రాస్తుంది. ఆయన తీసేయిస్తాడు. ఆమె మళ్లీ రాస్తుంది.