గడ్డిలో కూర్చున్న సైసన్న

సైసన్న పోయాడన్న కబురు నాకు శంషాబాద్ మంగలి షాపులో, సగం గడ్డం గీసి ఉండగా అందింది. మిగతా సగం అలాగే వదిలి లేచి వెళ్ళాను. దారిలో ఎదురైనవాళ్ళంతా నా ముఖం చూసి ఏదో అడగబోయి ఆగిపోయారు. ఆయనైతే ఆగేవాడు కాదు. "ఏంది తమ్మీ, సగం చెల్క దున్ని ఎడ్లను ఇడిసినవా?" అనేవాడు.

గుర్రాన్ని కడిగి, మేపి, నడిపించి, దాని పక్కనే పడుకునే మనిషిని సైసు అంటారు. సైసన్న మా పక్కింటివాడు, నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. నేను గగన్‌పహాడ్‌లో లారీల మీద పేర్లు రాసేవాణ్ణి. బడికి పోలేదు, లారీల వెనక రాస్తూ రాస్తూనే చదవడం వచ్చింది. అందుకే ఇప్పటికీ ఏ పుస్తకం పట్టినా మొదట వెనక అట్టే చదువుతాను. దీనికీ గుర్రాలకూ సంబంధం లేదు. కానీ ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన కొత్తగా విన్నట్టు నవ్వేవాడు, అందుకని రాశాను.

కొత్తూరు దారిలో ఒక గుర్రాల ఫారం ఉండేది. కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన ఒక వ్యాపారిది. సైసన్న అందులో పనిచేసేవాడు. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాదే అక్కడ ఎర్రటి ఆడ గుర్రప్పిల్ల ఒకటి పుట్టింది. నెత్తి మీదుగా విమానం దిగుతుంటే తల్లిగుర్రం బెదిరి కంచె చుట్టూ ఉరికేది. పిల్ల మాత్రం చెవులు నిక్కించి ఒకసారి పైకి చూసి, మళ్ళీ తల్లి పొదుగు వెతుక్కునేది. భూముల ధరలు విని ఊరంతా బెదిరిన గుర్రంలా తిరుగుతున్న రోజులవి. నిలకడగా ఉన్నది అదొక్కటే.

దాన్ని ఆయన గాడిద అని పిలిచేవాడు. మంచి గుర్రాన్ని మంచిదని నోటితో అనకూడదట. ఒకసారి నేను నోరుజారి "అన్నా, ఇది కప్పు తెస్తది" అంటే, మూడుసార్లు ఉమ్మి, నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడేళ్ళు నిండాక, వానాకాలం పందేలకు దాన్ని మలక్‌పేట రేసుకోర్సు లాయానికి తరలించారు. సైసన్నా వెంట వెళ్ళాడు. పందెం ఉన్నప్పుడల్లా నేను బస్సెక్కి పోయేవాణ్ణి. మొదటి పందెంలో నాలుగోదిగా వచ్చింది, తర్వాత రెండోదిగా, ఆ తర్వాత గెలిచింది. దాని పేరు పేపర్లో పెద్దదవుతున్నకొద్దీ ఆయన తిండి తగ్గిపోయింది.

"ఉరికేదానికి ఏం పరేషాన్ లేదు తమ్మీ. నిలబడి సూసేటోనికే అంతా" అనేవాడు. ఆ చూడటమైనా చూసేవాడు కాదు. గేటు దగ్గర నేలను చూస్తూ నిలబడి, కేకలు ఆగాక నన్ను అడిగేవాడు: "తిరిగొస్తున్నదా?" గెలిచిందా అని ఏనాడూ అడగలేదు.

రోజూ పొద్దున లేవగానే దాని ముందుకాళ్ళ వెనక నరం మీద చెయ్యి తిరగేసి ఆనించేవాడు, పసిపిల్లలకు జ్వరం చూసినట్టు. "అరచెయ్యి పనిజేసి మొద్దువారింది. ఎనకచెయ్యి అబద్ధం చెప్పది" అనేవాడు.

సీజను చివర పెద్ద పందెం. సైసన్న భార్య, మా వదిన, కట్టిచ్చిన జొన్నరొట్టెలు పట్టుకుని పొద్దున్నే వెళ్ళాను. ఆయన రొట్టెల వైపు చూడలేదు.

"ఎడమ కాలు ఎచ్చగున్నది. జర నువ్వు పట్టి సూడు."

పట్టి చూశాను. "రెండూ ఒక్కతీరే ఉన్నయన్నా."

గుర్రాల డాక్టరును పిలిపించారు. ఆయన కాలు మడిచాడు, నొక్కాడు, నడిపించాడు, ఉరికించాడు. కుంటు లేదు, వాపు లేదు, బాగుందన్నాడు. ఉరుకులో ఆ నరం తెగితే గుర్రం కూలిపోతుంది. కూలిన గుర్రాన్ని చాలాసార్లు మైదానంలోనే చంపేయాల్సి వస్తుంది. సైసన్న తన కళ్ళతో రెండుసార్లు చూశాడు.

యజమాని రెండు కార్లలో చుట్టాలను వేసుకుని వచ్చాడు. సైసన్న గుర్రాన్ని పందేనికి వదలనంటున్నాడని విని నన్ను పక్కకు పిలిచాడు. "ఏవండీ, మీరైనా చెప్పండి. మీ మాట వింటారాయన."

చెప్పాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. "ఇడువరాదే అన్నా. డాక్టరే బాగున్నదన్నడు గద."

"డాక్టరు ఇయ్యాల సూశిండు తమ్మీ. నేను అది పుట్టినప్పటి సంది సూస్తున్న."

అని, గుర్రం ముందుకాళ్ళ దగ్గర గడ్డిలో కూర్చున్నాడు. మరి లేవలేదు. ట్రైనరు అరిచాడు, యజమాని బతిమాలాడు. ఒకడు ఆయన రెక్క పట్టి లాగబోతే గుర్రం చెవులు వెనక్కి వాల్చింది. వాడు ఇవతలికి దూకాడు. మైకులో దాని పేరు రెండుసార్లు పిలిచారు. చివరికి ఈ గుర్రం ఉరకదని ట్రైనరే కబురు పంపాడు. పందెం మేమంతా లాయంలో నిలబడి చెవులతోనే విన్నాం.

"రేపటి నుంచి మీరు రానక్కర్లేదండీ" అన్నాడు యజమాని. ఆ 'అండీ' కన్నా చెంపదెబ్బ నయం.

బస్సులో సైసన్న పరుపుచుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆరాంఘర్ దాటాక అన్నాడు: "ఉరికితే ఏమైతుండెనో ఇగ ఎవ్వలికీ తెల్వది. నాకు సుత తెల్వది." అది తెలియకుండానే బతకాలని ఆ క్షణంలోనే ఒప్పుకున్నాడు. అంత ధైర్యం నాకు లేదు. నేనైతే గుర్రాన్ని వదిలేసి, తప్పు డాక్టరు మీదికి నెట్టి ఉండేవాణ్ణి. ఆయన పక్కింట్లో ఉండబట్టే ఇంకో రకంగా కూడా బతకొచ్చని తెలిసింది.

యజమానికి కోపం పోలేదు గానీ అనుమానం పట్టుకున్నట్టుంది. గుర్రానికి మూడు నెలలు విశ్రాంతి ఇచ్చాడు. చలికాలం పందేల్లో దాని పేరు పేపర్లో చూసి సైసన్నకు చదివి వినిపించాను. ఇద్దరం వెళ్ళాం, టికెట్టు కొనుక్కుని, కంచె ఇవతల జనంలో.

మూడోదిగా వచ్చింది. జనమంతా గెలిచిన గుర్రం వైపు పోయారు. మా పిల్లను కొత్త సైసు మా ముందు నుంచే నడిపించుకుపోయాడు. చెమటకు దాని ఎర్ర ఒళ్ళు నల్లబడింది. సైసన్న పిలవలేదు, చెయ్యి ఊపలేదు. వంగి కంచె సందులోంచి కాళ్ళే చూస్తున్నాడు. ఎడమ కాలు నేలను తాకిన ప్రతిసారీ ఆయన తల కొంచెంగా ఊగుతోంది. అది లాయం మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా, ఆ తల ఇంకో నాలుగు అడుగులు ఊగింది.